ఖమ్మము టీకా నివేదికలు: కారణము వేరు, పరిహారము వేరు

కాకి వచ్చి తాటిచెట్టుపై వాలినది. అదే క్షణమున పండు రాలినది. కాకి వాలుటచేతనే పండు రాలినదా, లేక పండిన కాయ రాలవలసిన వేళకే కాకి వచ్చినదా? మన పూర్వులు ఈ సందేహమునకు కాకతాళీయ న్యాయమని పేరు పెట్టినారు. రెండు సంఘటనలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణము కానేరదని ఉపాధ్యాయులు నేటికిని ఈ ఉదాహరణముతోనే చెప్పుచుందురు. అంతవరకు బాగున్నది. కాని ఆ సమయమున చెట్టు క్రింద ఒక మనిషి నిలిచియుండి, పండు తలపై పడి అతడు గాయపడినచో? ఆ ఇంటివారికి కాకతాళీయ న్యాయము చెప్పి పంపివేయుట సరిపోవునా? తోట యజమాని ఏమైన ఇవ్వవలెనా? ఇవ్వవలసి వచ్చిన, కాకి సంగతి తేలిన తరువాతనే ఇవ్వవలెనా?

టీకాలకు సంబంధించిన నష్టపరిహారపు తగవులన్నియు ఈ రెండు ప్రశ్నల నడుమ చిక్కుకొన్నవే. మొదటి ప్రశ్న విజ్ఞానశాస్త్రమునకు చెందినది. రెండవది న్యాయమునకు చెందినది. ఈ రెంటిని కలిపివేసినచో ఏమగునో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. విజయవాడలో రైలెక్కి వరంగల్లు దారిని పోయినచో వచ్చు ఖమ్మము జిల్లాలోనే, అది ఆంధ్రప్రదేశములో ఉన్న రోజులలో, 2009లో ఒక వ్యవహారము జరిగినది. దానిపై రెండు నివేదికలు వెలువడినవి. మొదటిది కేంద్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2011 ఫిబ్రవరిలో సమర్పించినది. రెండవది పార్లమెంటు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ స్థాయీ సంఘపు 72వ నివేదిక. ఇది 2013 ఆగస్టు 30వ తేదీన ఉభయసభల ముందుంచబడినది. ఈ నివేదికలను గురించి మాటాడినవారు వేలమంది కలరు, చదివినవారు తక్కువ. కారణమును ఎట్లు నిర్ణయింపవలెనో, ఎట్లు నిర్ణయింపరాదో నేర్పుటకు ఇవి మంచి పాఠ్యగ్రంథములు గనుక, వానిలోని తర్కమును ఇచ్చట పరిశీలింతము.

ముందుగా జరిగిన సంగతి. స్త్రీలకు వచ్చు గర్భాశయ ముఖ క్యాన్సరునకు హెచ్.పి.వి. అను వైరసు కారణమని జర్మను శాస్త్రజ్ఞుడు హారల్డ్ త్సుర్ హౌజెన్ నిరూపించినాడు. 2008లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఈ వైరసులో పెక్కు రకములు కలవు. 16, 18 అను సంఖ్యలు గల రెండు రకములే ఈ క్యాన్సరులో నూటికి 70 పాళ్ళకు కారణములు. టీకాలో ఉండునది వైరసు కాదు. దాని పైపెంకును పోలిన ఉత్తపెంకు మాత్రమే. లోపల జన్యుపదార్థము లేదు గనుక అది దేహములో పెరుగనేరదు. కాని దేహము దానిని చూచి నిజమైన శత్రువేయని భావించి ప్రతిరక్షకములను సిద్ధము చేసికొనును.

పాత్ అను అమెరికా స్వచ్ఛంద సంస్థ భారత వైద్య పరిశోధన మండలితోను, ఆంధ్రప్రదేశ్, గుజరాత్ ప్రభుత్వములతోను కలసి ఈ టీకాను బాలికలకు వేసి చూచు ప్రదర్శన పథకమొకటి చేపట్టినది. 2009 జూలైలో ఖమ్మము జిల్లా భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గార్డసిల్ అను టీకా వేయుట ఆరంభమైనది. తరువాతి నెలలో గుజరాత్ లోని వడోదర జిల్లాలో సర్వారిక్స్ అను మరియొక టీకా వేసినారు. టీకాలను ఉత్పత్తిదారులు ఉచితముగా ఇచ్చినారు. పథకపు ఖర్చు గేట్స్ ఫౌండేషనుది. ఆంధ్రప్రదేశములో సుమారు 14 వేలమంది, గుజరాత్ లో 10 వేలకు పైగా బాలికలు టీకా వేయించుకొన్నారు. వీరిలో చాలమంది గిరిజన బాలికలు, వసతిగృహములలో ఉండి చదువుకొనువారు. కొన్ని నెలలలో ఏడుగురు బాలికలు మరణించిరన్న వార్త పొక్కినది. ఆంధ్రప్రదేశములో ఐదుగురు, గుజరాత్ లో ఇద్దరు. మహిళా సంఘములు, ఆరోగ్య కార్యకర్తలు ప్రశ్నించినారు. 2010 ఏప్రిల్ లో పథకము నిలుపబడినది.

ఆ మరణములకు అధికారులు చూపిన కారణములివి: ఒక బాలిక నీట మునిగినది, ఒకరిని పాము కరచినది, ఇద్దరు పురుగుమందు త్రాగినారు, ఒకరు మలేరియా తీవ్రమై పోయినారు, మిగిలిన ఇద్దరిలో ఒకరిది తీవ్రజ్వరమనియు, ఒకరిది మెదడులో రక్తస్రావమనియు అనుమానము. ఈ చివరి రెండు కారణములు దృఢముగా తేలినవి కావు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఏడు మరణములు హెచ్చా, తక్కువా? ఈ ప్రశ్నకు సమాధానము టీకాను చూచి చెప్పజాలము. టీకా లేనప్పుడు ఆ వయస్సు బాలికలలో ఎందరు మరణింతురో చూచి చెప్పవలెను. దీనిని సహజ మరణరేటు అనవచ్చును. పాఠము కొరకు, ఏడాదికి వెయ్యిమందిలో సగము మరణమని, అనగా రెండువేల మందిలో ఒకరని పెట్టుకొందము. నిజమైన రేటు ఇదేయని కాదు, లెక్కకు వీలుగా ఉండుటకు మాత్రమే. 24 వేలమందిని తొమ్మిది నెలలు గమనించినచో తొమ్మిది మరణములు సహజముగా జరుగవలెను. ఏడు దానికన్న తక్కువ. కాబట్టి టీకా వలన బాలికలు గుంపులుగా చనిపోయిరన్న మాటకు ఆధారము లేదు.

దీనినే మన సీమలోని ఉదాహరణముతో చూడవచ్చును. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు విపరీతముగా వచ్చినవి. అవనిగడ్డ ఆసుపత్రికి జనము బారులు తీరినారు. మోపిదేవిలో సర్పశాంతి యాగము కూడ జరిగినది. ఆ నెలలోనే అచ్చటి పాఠశాలలలో ఏదో ఒక టీకా వేసియున్నచో, టీకా వేసికొన్నవారిలో కొందరిని పాము కరచియుండెడిదే. కరచిన పాము సూదిమందును అడిగి రాలేదు. వరినాట్ల తడిలో పాము బయటికి వచ్చుట దాని సహజము. (యాగము తరువాత వానలు తగ్గి కాట్లును తగ్గినచో ఆ కీర్తి ఎవరికి చెందవలెననునది ఇదే లెక్కలోని మరియొక పాఠము. దానిని తరగతి గదికి వదలివేయుదము.)

విచారణ సంఘము ఈ దారినే నడచినది. మరణములలో ఒకే తీరు కనబడలేదని, టీకాతో వానికి సంబంధమున్నట్లు తోచలేదని చెప్పినది. ఇంతవరకు తర్కము నిలుచును. కాని విమర్శకుడు ఇచ్చట ఆగరాదు. సహజ మరణరేటు గుంపును గురించి చెప్పును గాని, ఒక్క బాలికను గురించి ఏమియు చెప్పదు. తొమ్మిది మరణములు రావలసినచోట ఏడు వచ్చినవి గనుక ఆ ఏడింటిలో ఒక్కటియు టీకా వలన కాదు అనుట లెక్కల దోషము. పదిలక్షల మోతాదులకు ఒకటి రెండుసార్లు వచ్చు అపాయము 24 వేలమందిలో లెక్కకు అందదు. ఒకవేళ అందులో ఒక్కరికి వచ్చినను అది ఏడింటిలో కలసిపోవును. అట్టి అపాయమును పట్టుటకు లెక్కలు చాలవు. ఒక్కొక్క మరణమును విడివిడిగా, వైద్యదృష్టితో శోధింపవలెను.

అట్లు శోధించిన ఉదాహరణము మన దేశ చరిత్రలోనే యున్నది. 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామములో 107 మందికి ప్లేగు టీకా వేసినారు. టీకాను కనిపెట్టిన వాల్డెమార్ హాఫ్కిన్ బొంబాయి ప్రయోగశాలకు అధిపతి. వారిలో 19 మంది ధనుర్వాతము వచ్చి మరణించినారు. ఇచ్చట సంఖ్యయే మాటాడుచున్నది: అంత చిన్న ఊరిలో ఒక్కసారిగా 19 మందికి ధనుర్వాతము సహజముగా రాదు. ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి: ఆ 19 మందికిని మందు ఒకే సీసా నుండి ఇచ్చినారు. మిగిలిన సీసాల మందు తీసికొన్నవారికి ఏమియు కాలేదు. కాబట్టి తప్పు టీకా తత్త్వములో లేదు, ఆ ఒక్క సీసాలో ఉన్నది. అది ప్రయోగశాలలోనే చెడినదా, ఊరిలో మూత తీసినప్పుడు చెడినదా? ప్రభుత్వము ప్రయోగశాలను తప్పుపట్టి హాఫ్కిన్ ను పని నుండి తొలగించినది. తరువాత తేలినదేమనగా, మూత తీయు పట్టుకారు నేలపై పడగా, దానిని సరిగా శుద్ధి చేయకయే వాడినారు. మలేరియా పరిశోధకుడు రొనాల్డ్ రాస్ మొదలగువారు పట్టుబట్టి వాదించిన మీదట 1907లో హాఫ్కిన్ నిర్దోషియైనాడు. వ్యాధి పేరు, కాలవ్యవధి, సీసా సంఖ్య, పనిచేసినవారి వాఙ్మూలము: ఈ నాలుగు ఉన్నందువలననే అయిదేండ్లు గడచినను సత్యము బయటపడినది.

ఈ కొలతతో ఖమ్మము నివేదికలను చూచినచో లోటు తెలియును. మెదడులో రక్తస్రావమన్నారు, శవపరీక్ష లేదు. స్థాయీ సంఘము ఈ లోపమును గట్టిగా ఎత్తి చూపినది. మరణములను లోతుగా శోధింపకయే టీకాతో సంబంధము లేదని త్రోసిపుచ్చిరని నిందించినది. దుష్ఫలితములను కనిపెట్టుటకు స్వతంత్రమైన పర్యవేక్షణ లేకపోవుటను కూడ తప్పుపట్టినది. ఈ నిందలో బలమున్నది. నీట మునుగుట, పాముకాటు వంటివానికి శవపరీక్ష లేకున్నను సాక్షులుందురు; జ్వరమునకు, రక్తస్రావమునకు అట్టి సాక్షులుండరు. ఆ రెండు మరణములకు టీకా కారణము కాదని చెప్పుటకు ఎంత ఆధారము కలదో, అవునని చెప్పుటకును అంతే. అట్టి వానిని తెలియదు అను గడిలో వ్రాయవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఆ గడి నిజముగానే కలదు. ఆ పద్ధతిలో టీకా తరువాత వచ్చిన ప్రతి అనారోగ్యమును నాలుగు తరగతులలో ఏదో ఒకదానిలో చేర్తురు: టీకాతోనో, టీకా వేసిన విధానముతోనో, సూది భయముతోనో సంబంధము గలది, తేల్చుటకు వీలులేనిది, కాకతాళీయము, వివరములు చాలక వర్గీకరింపరానిది. 2021లో మన జాతీయ సంఘము కోవిడ్ టీకాల తరువాతి 31 కేసులను ఇట్లు పరీక్షించి 18 కాకతాళీయములనియు, 7 తేలనివనియు, 3 టీకా వలననే వచ్చినవనియు, 1 భయము వలన వచ్చినదనియు, 2 వర్గీకరింపరానివనియు ప్రకటించినది. టీకా వలన వచ్చిన మూడును తీవ్రమైన అలెర్జీలే. వానిలో ఒకరు మరణించినారు. ఈ పట్టికలో మాకు అన్నిటికన్న నచ్చినవి 7, 2 అను అంకెలు. తెలియనిదానిని తెలియదని వ్రాయుటకు గుండె కావలెను.

ఐతే స్థాయీ సంఘము తానును అదే గోతిలో మరియొక వైపునుండి పడినది. మునిగిపోయిన బాలికది ప్రమాదమనుచున్నారే, ఆత్మహత్య ఎందుకు కాకూడదని ఆ నివేదిక ప్రశ్నించినది. కాకూడదని ఎవరును అనలేదు. కాని ఆత్మహత్యయైనంత మాత్రమున టీకాతో సంబంధము ఎట్లు వచ్చును? దానికి టీకా వేసినవారిలో ఆత్మహత్యలు వేయనివారిలోకన్న హెచ్చని చూపవలెను. పురుగుమందు డబ్బా ప్రతి ఇంటి వసారాలోను ఉండు మన పల్లెలలో, కృష్ణా డెల్టాయైనను, ఖమ్మమైనను, క్షణికావేశము ప్రాణాంతకమగుట అందరికిని తెలిసిన దుఃఖమే. ఆ మరణములకు వేరే వేదిక మీద వేరే విచారణ కావలెను. శోధింపలేదను తప్పును పట్టుటకు హక్కున్న సంఘము, శోధింపకయే అనుమానమును నాటరాదు. ప్రశ్న రూపములో వ్రాసినను అనుమానము అనుమానమే.

ఈ నివేదికకు గౌరవము తెచ్చునది దాని మరియొక భాగము. అదే సమ్మతి పత్రముల లెక్క. ఆంధ్రప్రదేశములో పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 పై వేలిముద్రలున్నవి. 2,763 పై వసతిగృహపు వార్డెన్లు సంతకము చేసినారు. గుజరాత్ లో 6,217 పత్రములలో 3,944 పై వేలిముద్రలే. తలిదండ్రుల తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకము పెట్టవచ్చునని రాష్ట్రములో అనుమతి ఇచ్చినారట! మన లెక్కలో 2,763 అనగా నూటికి 29 పాళ్ళు. పది పత్రములలో దాదాపు మూడింటికి తల్లి లేదు, తండ్రి లేడు. ఈ పత్రిక చదువు ఉపాధ్యాయులలో ఎందరో వసతిగృహముల బాధ్యత చూచినవారు కలరు. పిల్లకు జ్వరము వచ్చినచో ఆసుపత్రికి తీసికొనిపోవుట వార్డెను విధి. ఆరోగ్యముగా ఉన్న పిల్లకు, ఫలితమును పరిశీలించు పథకములో భాగముగా సూది వేయుటకు సరేయనుట ఆ విధిలోనిది కాదు. ఈ రెంటి భేదము చెప్పుటకు వైద్యశాస్త్రము అక్కరలేదు.

ఇచ్చటను ఒక చిన్న పట్టింపు చెప్పక తప్పదు. నివేదిక వేలిముద్రలను, వార్డెను సంతకములను ఒకే వాక్యములో చేర్చి చదువరికి రెండును ఒకే తప్పుగా తోచునట్లు చేసినది. అవి ఒకటి కావు. చదువురాని తల్లి విషయమును విని, అర్థము చేసికొని వేసిన వేలిముద్ర పూర్తి సమ్మతియే. పట్టభద్రుడు చదువక చేసిన సంతకము సమ్మతి కాదు. అడుగవలసినది ముద్రయా, సంతకమా అని కాదు: ఎవరు చదివి వినిపించినారు, ఏ భాషలో, సాక్షి ఎవరు అని. కోయ బాలిక తల్లికి తెలుగు పత్రము సైతము పరాయిదే కావచ్చును.

ఇక న్యాయస్థానము. 2012లోను, 2013లోను ఈ వ్యవహారముపై ప్రజాప్రయోజన వ్యాజ్యములు సుప్రీంకోర్టుకు చేరినవి. మరణించిన, బాధపడిన బాలికల కుటుంబములకు పరిహారము ఇప్పించుట కూడ కోరికలలో ఒకటి. వాదులు స్థాయీ సంఘపు నివేదికను చూపినారు. టీకా తయారీదారులు అడ్డుతగిలి, పార్లమెంటు నివేదికను కోర్టులో ప్రశ్నింపజాలము గనుక దానిని మాకు వ్యతిరేకముగా వాడరాదన్నారు. తగవు అంతటితో బాలికలను వదలి రాజ్యాంగమును పట్టుకొన్నది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము కల్పనా మెహతా కేసులో 2018 మే 9న తీర్పు చెప్పినది. సారాంశమిది: అట్టి నివేదిక ఉన్నదని, అందులో ఇట్లు చెప్పబడినదని కోర్టు గమనింపవచ్చును; చట్టము భావమును తెలిసికొనుటకు దాని సాయము పొందవచ్చును; కాని నివేదికలోని సంగతి వివాదాస్పదమైనచో, నివేదికలో ఉన్నది గనుక నిజము అనుటకు వీలులేదు, వేరే సాక్ష్యముతో రుజువు చేయవలెను.

మాకు ఈ తీర్పు శాస్త్రీయ దృష్టికి చాల దగ్గరగా తోచినది. పెద్దలు చెప్పిరన్నది ఒక సంగతి. చెప్పినది నిజమన్నది వేరొక సంగతి. ప్రయోగశాలలో విద్యార్థికి మొదటి దినమున చెప్పునదియు ఇదే. కాని ఇందులో ఒక చేదు కూడ కలదు. వేరే సాక్ష్యము ఎచ్చటనుండి వచ్చును? శవపరీక్ష చేయవలసిన దినమున చేయలేదు. మందు వేసిన తరువాత పిల్లలను గమనించి వ్రాసిపెట్టవలసినవారు సరిగా వ్రాయలేదు. రుజువును దాచవలసిన బాధ్యత ఒకరిది, రుజువు తేవలసిన భారము మరియొకరిది. భద్రాచలపు మన్యములోని కూలి కుటుంబము ఎనిమిదేండ్ల తరువాత జ్వరమునకు, టీకాకు గల సంబంధమును నిరూపింపగలదని ఆశించుట హాస్యాస్పదము. ధర్మాసనము తన ముందున్న ప్రశ్నకే జవాబు చెప్పినది. పరిహారము దాని ముందున్న ప్రశ్న కాదు.

కారణమును, తప్పును రుజువు చేసిన తరువాతనే పరిహారమన్న నియమము వలన వచ్చు చిక్కు ఇది. దీనినుండి బయటపడుటకు ప్రపంచములో పలు దారులు వెదకినారు. 1955లో అమెరికాలో కట్టర్ ప్రయోగశాల తయారుచేసిన పోలియో టీకాలో చంపబడవలసిన వైరసు కొంత సజీవముగా మిగిలిపోయి, సుమారు 200 మంది పిల్లలకు అంగవైకల్యము కలిగినది, పదిమంది మరణించినారు. 1958లో ఒక కేసును విచారించిన జూరీ విచిత్రమైన తీర్పు చెప్పినది: కంపెనీ అజాగ్రత్త చూపలేదు, ఆనాటి శాస్త్రమునకు తెలిసినంత జాగ్రత్త తీసికొన్నది, ఐనను అమ్మిన సరుకు క్షేమమైనదని కొన్నవానికి హామీ ఉన్నట్లే గనుక పరిహారము చెల్లింపవలెను. తప్పు లేకున్నను బాధ్యత ఉండవచ్చునన్న భావమునకు ఇది పెద్ద బలమైనది. పశ్చిమ జర్మనీ 1961లో టీకా నష్టమునకు ప్రభుత్వమే పరిహారమిచ్చు చట్టము చేసినది. బ్రిటను 1979లో 10 వేల పౌనులతో ఆరంభించి 2007లో దానిని 1,20,000 పౌనులకు పెంచినది. కాని నూటికి 60 పాళ్ళ వైకల్యము ఉన్నవారికే. 59 పాళ్ళవానికి ఏమియు లేదు! ఇట్టి గీతలు గణితమునకు సుఖము గాని మనుష్యులకు కాదు.

అమెరికా 1986 చట్టము చేసిన పని విద్యార్థులకు ఆసక్తి కలిగింపగలదు. ప్రతి మోతాదుపై, అది నివారించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను వేసి నిధి పోగుచేయుదురు. ఒక పట్టికలో ఏ టీకాకు ఏ హాని, ఎంత వ్యవధిలో అన్నది వ్రాసియుండును. టీకా తరువాత నాలుగు గంటలలోపల తీవ్రమైన అలెర్జీ, లేక ఒక గంటలోపల స్పృహతప్పి పడిపోవుట జరిగినచో, వేరే కారణము చూపనంతవరకు అది టీకా వలననే అని భావింతురు. రుజువు భారము బాధితుని భుజము నుండి దిగినది. ఈ పట్టిక ప్రకృతి నియమము కాదని, ఒక ఒప్పందమని మరువరాదు. నాలుగవ గంట దాటి ఒక నిమిషమైనంతనే ప్రకృతిలో ఏదియు మారదు. శాస్త్రము ఇచ్చిన వ్యవధిని న్యాయము గీతగా మార్చుకొన్నది, అంతే.

మన వైపు ఈ సమస్య ఎట్లు తీరినదో చూడవలెనన్న విజయవాడ దగ్గరనే ఉదాహరణమున్నది. కృష్ణ ఆవలి ఒడ్డున తాడేపల్లిలో 2021 జనవరిలో కోవిడ్ టీకా వేయించుకొన్న ఆశా కార్యకర్త ఒకామె కొద్ది దినములలో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించినది. టీకాలు ఆరంభమై ఇంకను పదిదినములైనను కాలేదు. తోటి కార్యకర్తలు ఆందోళన చేసినారు. రాష్ట్ర ప్రభుత్వము ఆ కుటుంబమునకు 50 లక్షల రూపాయలు ప్రకటించినది. ఇది మంచి పని. వ్యాజ్యము లేదు, వాయిదాలు లేవు, కుటుంబము కోర్టు మెట్లు ఎక్కలేదు. కాని దీనిని పరిహారమనుటకన్న కరుణ అనుట సమంజసము. చట్టము ప్రకారము వచ్చినది కాదు గనుక ఇంకొకరు అడుగుటకు ఆధారము కానేరదు. గుంపుగా నిలిచి అడుగగల సంఘము ఉన్నచోట అది దొరకును. మన్యములోని వసతిగృహమునకు అట్టి సంఘము లేదు. మరియొక చిక్కు: సొమ్ము ఇచ్చిరి గనుక టీకాయే చంపినదని ప్రభుత్వము ఒప్పుకొన్నట్లే అని జనము అనుకొనును. కరుణకు కారణము ముడిపడినచో రెంటికిని చేటు. ఈసారి ఇచ్చినచో టీకాకు చెడ్డపేరు వచ్చునని వచ్చేసారి అధికారి చేయి వెనుకకు లాగుకొనును.

కేంద్రము వైఖరి ఇంకొక తీరుగా నడచినది. టీకా తరువాత మరణించిన ఇద్దరు యువతుల తలిదండ్రులు సుప్రీంకోర్టుకు పోగా, 2022 నవంబరులో కేంద్రము తన జవాబులో, ఇట్టి మరణములకు ప్రభుత్వము నేరుగా బాధ్యత వహింపజాలదని, పరిహారము కోరువారు సివిలు కోర్టులకు పోవచ్చునని చెప్పినది. కోట్లమందిని టీకా వేయించుకొనుడని పిలిచి, కోటికి ఒకరికి కష్టము వచ్చినప్పుడు సివిలు కోర్టు దారి చూపుట న్యాయముగా తోచదు. టీకా వలన కలుగు లాభము ఊరంతటిది. ఒకడు టీకా వేసికొన్నందువలన పొరుగువానికి అంటురోగము రాదు. లాభము అందరిదై, అరుదైన నష్టము మాత్రము ఒక్క ఇంటిదగుట ఏ లెక్కలో సరియైనది? ఇది టీకాకు వ్యతిరేకముగా చెప్పు మాట కాదు. టీకాను సమర్థించువారే ముందుగా చెప్పవలసిన మాట.

2010 ఏప్రిల్ లోని నిలుపుదలకు ఇంకొక ఫలితము కూడ కలదు, దానిని నివేదికలను ఖండించువారు గాని పొగడువారు గాని సాధారణముగా చెప్పరు. అదే సమయమున దేశములో రెండు మోతాదులను, మూడు మోతాదులను పోల్చి చూచు వేరొక హెచ్.పి.వి. పరిశోధన నడచుచుండెను. ఆ ఉత్తరువుతో అదియు ఆగినది. అప్పటికి టీకా పొందిన 17,729 మంది బాలికలలో సుమారు 5 వేలమందికి ఒక్క మోతాదు మాత్రమే అందినది. పరిశోధకులు వారిని విడిచిపెట్టక పదేండ్లు గమనించినారు. ఒక్క మోతాదుతోనే 16, 18 రకముల దీర్ఘకాలిక సంక్రమణ నుండి నూటికి 95 పాళ్ళ రక్షణ కనబడినదని 2021లో ప్రకటించినారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు చాలునని ఒప్పుకొనుటకు ఈ బాలికల లెక్కయు ఒక ఆధారము. ఎవరును తలపెట్టని ప్రయోగమిది. ప్రతి పిల్ల పేరు, తేదీ, మోతాదు పుస్తకములో నిలిచియున్నందువలన పనికి వచ్చినది.

చివరకు, పరిహారపు లెక్క ఒకటి. ఔషధ పరీక్షలలో పాల్గొన్నవారికి ఆ పరీక్ష వలన ప్రాణహాని కలిగినచో చెల్లింపవలసిన సొమ్మునకు 2019 నాటి కొత్త ఔషధముల నిబంధనలలో ఒక సూత్రమున్నది. మూలధనము 8 లక్షలు. దానిని వయస్సును బట్టి వచ్చు గుణకముతోను, ఆరోగ్యస్థితిని బట్టి వచ్చు గుణకముతోను హెచ్చవేసి, 99.37 చేత భాగింపవలెను. వయోగుణకము కార్మిక పరిహార చట్టపు పట్టిక నుండి తీసికొన్నది: 16 ఏండ్లు, అంతకు లోపు వారికి 228.54; 65 ఏండ్లు దాటినవారికి 99.37. ఆరోగ్యగుణకము మరణము దగ్గరపడిన రోగికి 0.5, పూర్తి ఆరోగ్యవంతునికి 4. ఆరోగ్యవంతురాలైన 12 ఏండ్ల బాలికకు లెక్క కట్టినచో సుమారు 73 లక్షల 60 వేల రూపాయలు వచ్చును. అదే ఆరోగ్యముగల 65 ఏండ్ల వృద్ధునికి సరిగా 32 లక్షలు. హారములో 99.37 ఎందుకున్నదో విద్యార్థులు ఈ రెండవ లెక్క చూచి గ్రహింపగలరు.

ఐతే ఈ సూత్రము ఔషధ పరీక్షలకే వర్తించును. ఖమ్మములో జరిగినది పరీక్షయని స్థాయీ సంఘము పట్టుబట్టినది; అప్పటికే అనుమతి పొందిన టీకాను వేసి చూచిన పరిశీలన మాత్రమేయని నిర్వాహకులు వాదించినారు. సూత్రము పుస్తకములకు ఎక్కుటకు ముందే ఆ పిల్లలకు సూదులు వేయుట ముగిసినది. ఖమ్మము జిల్లాలో 2009లో ఆ పత్రములపై వార్డెన్లు సంతకము చేయుచున్నప్పుడు, దానిని పరీక్ష అనవలెనా, పథకము అనవలెనా అను ప్రశ్న వారిని ఎవరును అడుగలేదు.